లెక్కలోకి రాని క్యూ

2025 జనవరి 8, బుధవారం. శుక్రవారం వైకుంఠ ఏకాదశి. తిరుపతి స్టేషన్‌లో ఆగిన ప్రతి రైలు నుంచీ, ఆర్టీసీ బస్టాండుకు వచ్చిన ప్రతి బస్సు నుంచీ జనం దిగుతూనే ఉన్నారు. చంకన బిడ్డలు, చేతుల్లో సంచులు, నెత్తిన మూటలు. ఆటోవాళ్లను, టీ కొట్టువాళ్లను, కనపడిన ప్రతి పోలీసునూ అందరూ అడుగుతున్నది ఒకటే: టోకెన్లు ఎక్కడిస్తారు?

టీటీడీ ప్రకటన స్పష్టంగానే ఉంది. 10, 11, 12 తేదీల వైకుంఠ ద్వార దర్శనానికి లక్షా 20 వేల టోకెన్లు. తిరుపతిలో పలుచోట్ల కేంద్రాలు, అన్నీ కలిపి తొంభైకి పైగా కౌంటర్లు. పంపిణీ 9వ తేదీ, గురువారం, తెల్లవారుజామున 5 గంటలకు మొదలు. టోకెన్ లేనివాళ్లు కొండకు పోవచ్చు గానీ దర్శనం వరుసలోకి పోలేరు.

ఆ చివరి మాటే జనాన్ని ఒకరోజు ముందే తెచ్చి కౌంటర్ల ముందు కూర్చోబెట్టింది. వైకుంఠ ద్వారం అంటే గర్భాలయం చుట్టూ ఉండే ప్రదక్షిణ మార్గం. ఏడాదంతా మూసి ఉంటుంది. ఒకప్పుడు ఏకాదశి, ద్వాదశి రెండు రోజులే తెరిచేవాళ్లు. 2020 డిసెంబరు నుంచి దాన్ని పది రోజులు చేశారు. రోజులు పెరిగినా ఏకాదశి నాడే చూడాలన్న ఆశ తగ్గలేదు. విశాఖపట్నంలో రైలెక్కినవాళ్లకూ, సేలం నుంచి బస్సులో వచ్చినవాళ్లకూ ఆ చీటీ చేతికి రాకపోతే ఇంత దూరం వచ్చిన పనే లేదు.

టోకెన్ కేంద్రాల్లో ఒకటైన బైరాగిపట్టెడలో మధ్యాహ్నానికే సందడి మొదలైంది. సాయంత్రానికి రోడ్డు నిండింది. జనాన్ని రోడ్డు మీద ఉంచలేక పోలీసులు పక్కనున్న పార్కులోకి పంపారు. గేటు మూశారు. లోపల వేలమంది. కింద కూర్చున్నవాళ్లు, పడుకున్నవాళ్లు, లేస్తే జాగా పోతుందని కదలనివాళ్లు.

ఆ పార్కులో ఎవరు ఏం మాట్లాడుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. కానీ తిరుపతిలో టోకెన్ కౌంటరు ముందు ఏ రాత్రి నిలబడినా చెవిన పడే మాటలు కొన్ని ఉన్నాయి.

“ఏం నా, ఎప్పుడిస్తారంట?”

“మబ్బుతో 5 గంటలకంట మా.”

“ఇంగా అంతసేపా! పిల్లోడికి పాలు తెచ్చుకోవాల నా.”

“ఇప్పుడు లేచి పోతివంటే మళ్లీ రానీరు మా. ఆడనే కూర్చో.”

ఇంత చిన్న మాటల్లోనే మొత్తం లోపం ఉంది. ఆమె ఎన్నో మనిషో ఎవరూ రాసుకోలేదు. ఆమె దగ్గర నంబరు లేదు, చీటీ లేదు. తన వంతుకు సాక్ష్యం ఆమె కూర్చున్న జాగా ఒక్కటే. అది వదిలితే వంతు పోయినట్టే. అందుకే దాహమేసినా, ఊపిరి సలపకపోయినా ఎవరూ కదలరు. ముందువాడు కదిలితే మాత్రం అందరూ కదులుతారు.

రాత్రి 8 దాటింది. ఒక మహిళకు అస్వస్థత కలిగింది. ఆమెను బయటికి తీసుకురావడానికి గేటు తెరిచారు. ప్రభుత్వం తర్వాత చెప్పిన వివరణ ఇదే. లోపలున్నవాళ్లకు అస్వస్థత సంగతి తెలియదు. వాళ్లకు తెలిసిందల్లా గేటు తెరుచుకోవడం. గంటల తరబడి దాని మీదే చూపు నిలిపి కూర్చున్నవాళ్లు టోకెన్లు ఇచ్చేస్తున్నారనుకున్నారు. అందరూ ఒక్కసారిగా లేచారు. ముందు పడినవాళ్ల మీద వెనకవాళ్లు పడ్డారు. వెనకవాళ్లకు ముందు ఎవరో పడ్డారన్న సంగతి కూడా తెలియదు.

ఆ రాత్రి తిరుపతిలో ఆరుగురు చనిపోయారు. ఎక్కువమంది బైరాగిపట్టెడలోనే. మరో కేంద్రం విష్ణు నివాసం దగ్గరా తొక్కిసలాట జరిగింది. మృతుల్లో ఐదుగురు ఆడవాళ్లు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్లు, తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు. గాయపడినవాళ్లను రుయా, స్విమ్స్ ఆసుపత్రులకు తరలించారు. మర్నాడు ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు వచ్చారు. మృతుల కుటుంబాలకు 25 లక్షల రూపాయల పరిహారం, న్యాయ విచారణ ప్రకటించారు. ఇద్దరు అధికారులు సస్పెండయ్యారు, మరికొందరు బదిలీ అయ్యారు.

గేటు ఎవరు తెరిచారు, బందోబస్తు ఎంత అన్నది విచారణకు సంబంధించిన విషయం. నేను చెప్పదలచింది గేటుకు ముందు సంగతి. పెద్ద కంప్యూటర్ వ్యవస్థ ఉన్న సంస్థ టీటీడీ. అలాంటి సంస్థ ఇచ్చే ఒక చీటీ కోసం మనుషులు ఎందుకు చచ్చిపోవలసి వచ్చింది?

కౌంటరు దగ్గర జరిగే పని చూడండి. భక్తుడు ఆధార్ కార్డు ఇస్తాడు. అవతలి మనిషి నంబరు కొడతాడు. చిన్న కెమెరా వైపు చూడమంటాడు. ఫొటో పడుతుంది. ప్రింటర్ నుంచి చీటీ వస్తుంది. దాని మీద పేరు, తేదీ, కొండ మీద క్యూలోకి రావలసిన సమయం, ఒక బార్‌కోడ్. అన్నీ కలిపి నిమిషం పట్టదు. ఆ నిమిషం నుంచి ఆ మనిషి వ్యవస్థకు తెలుసు. ఎప్పుడొస్తాడు, ఎక్కడ నిలబడతాడు, ఎప్పుడు బయటపడతాడు అన్నీ లెక్కే. ఆ నిమిషానికి ముందు అతను ఎన్ని గంటలు కూర్చున్నాడో, పక్కన ఎంతమంది ఉన్నారో ఏ కంప్యూటరుకూ తెలియదు.

ఒక ఉజ్జాయింపు లెక్క వేసుకుందాం. లక్షా 20 వేల టోకెన్లు, తొంభై కౌంటర్లు. ఒక్కో కౌంటరుకు సుమారు 1,330. అర నిమిషానికి ఒకటి చొప్పున ఇచ్చినా 11 గంటల పని. అంటే గురువారం పొద్దున 5కు మొదలుపెడితే సాయంత్రం 4 దాకా పంచుతూనే ఉండాలి. చివరి టోకెన్ తీసుకునేవాడు మధ్యాహ్నం మూడింటికి వచ్చినా సరిపోతుంది. కానీ ఆ సంగతి అతనికి చెప్పేవాళ్లు లేరు. తన ముందు ఎంతమంది ఉన్నారో, తనకు అందుతుందో లేదో తెలియని మనిషి చేయగలిగింది ఒక్కటే. అందరికంటే ముందు వచ్చి కూర్చోవడం. పదకొండు గంటల్లో విడివిడిగా రావలసిన జనం ముందురోజు రాత్రే ఒక్కచోట చేరారు. అది భక్తుల తప్పు కాదు. ఆ పద్ధతిలో ఎవరైనా అదే చేస్తారు.

తిరుమలలో నిరీక్షణ కొత్తది కాదు. ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. అంతకు ముందు కాలినడకే, డోలీలే. మెట్లే జనాన్ని నియంత్రించేవి. రోడ్డు వచ్చాక, బస్సులు పెరిగాక ఆ అడ్డు పోయింది. కింద దారి ఎంత వెడల్పు చేసినా పైన ఇరుకు అలాగే ఉంది. బంగారు వాకిలి ఒక్కటే. గర్భాలయం గడప, కులశేఖర పడి, ఒక్కటే. ఏ ఇంజినీరూ, ఏ ఈవో దాన్ని రెండు చేయలేరు. అందుకే గుడి లోపల చేయగలిగింది భక్తుణ్ని మరింత దూరం నుంచి, మరింత వేగంగా పంపడమే. లఘు దర్శనం, ఆ తర్వాత మహాలఘు. ఇక మిగిలింది గుడి బయట జనాన్ని ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న. 1980ల్లో వైకుంఠం క్యూ కాంప్లెక్సు వచ్చింది దానికే. ఎండావానల్లో వరుసకట్టే జనాన్ని హాళ్లలో కూర్చోబెట్టారు. తాగునీళ్లు, మరుగుదొడ్లు, పిల్లలకు పాలు, అన్నప్రసాదం. ఒక హాలు ఖాళీ అయితే వెనక హాలు కదులుతుంది. లోపలికి ఎవరెప్పుడు పోవాలో హాలు నంబరే చెబుతుంది, తోపులాట అక్కర్లేదు. ఆ కాలానికి అది నిజంగా గొప్ప ఆలోచన. ఇప్పటికీ రద్దీ రోజుల్లో అదే కాపాడుతోంది.

అయినా కూర్చోవడం కూర్చోవడమే. అమెరికా ఆచార్యుడు జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఒకటుంది. ప్రపంచంలో ఏ క్యూకైనా అది వర్తిస్తుంది. వరుసలో ఉన్నవాళ్ల సంఖ్య గంటకు వచ్చేవాళ్లను నిరీక్షించే గంటలతో గుణిస్తే వస్తుంది. గంటకు నాలుగున్నర వేల మందికి దర్శనమైతే, పన్నెండు గంటల నిరీక్షణ అంటే 54 వేల మంది ఏదో ఒక చోట కూర్చొని ఉన్నట్టు. ఎన్ని హాళ్లు కట్టినా వీళ్లు తగ్గరు. తగ్గాలంటే రావలసిన సమయం ముందే చెప్పాలి.

2000 ప్రాంతంలో వచ్చిన సుదర్శనం పద్ధతి ఆ ప్రయత్నమే. మణికట్టుకు బార్‌కోడ్ ఉన్న పట్టీ, దాని మీద సమయం. ఆ సమయం దాకా కొండ మీద ఎక్కడైనా తిరగవచ్చు. అప్పటికి దేశంలో చాలా ఆఫీసుల్లో కంప్యూటరే లేదు. 2014లో 300 రూపాయల టికెట్టు ఆన్‌లైన్‌లోకి వచ్చింది. డబ్బు పెట్టే భక్తుడు ఇంట్లో కూర్చొనే సమయం తీసుకోగలిగాడు. ఉచితంగా పోయే సర్వదర్శనం భక్తుడికి ముందే సమయం తీసుకునే వీలు 2018లో దక్కింది. అనిల్ కుమార్ సింఘాల్ ఈవోగా ఉండగా, 2017 డిసెంబరులో పరీక్షించి, 2018 మేలో మొదలుపెట్టారు. స్లాటెడ్ సర్వదర్శనం, జనం నోట ఎస్ఎస్‌డీ. ఆధార్ చూపిస్తే టైము వేసిన చీటీ. డబ్బు లేని భక్తుడి సమయానికీ విలువ ఉందని ఒప్పుకున్న పని అది. నాకు అది చాలా పెద్ద మార్పుగా కనిపిస్తుంది.

కానీ ఆ చీటీ తీసుకోవడానికి తిరుపతిలో మళ్లీ వరుస కట్టాలి. బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం, గోవిందరాజస్వామి సత్రాలు, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్సు. కొండ మీద హాళ్లలో పాలు, అన్నం, కప్పు దొరికే నిరీక్షణ పోయి, ఊళ్లో రోడ్డు పక్కన, ఇనుప కంచెల మధ్య నిరీక్షణ మొదలైంది. కొండ మీద కాంప్లెక్సు ఖాళీగా కనపడితే పద్ధతి గెలిచిందనిపిస్తుంది. నిరీక్షణ పోలేదు, చోటు మారింది. పైగా లెక్కలోంచి తప్పిపోయింది.

1990లో మైకేల్ హామర్ అనే ఆచార్యుడు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసం ప్రపంచమంతా కంపెనీల్లో పాఠమైంది. ఆయన వాదన సూటిగా ఉంటుంది. పాత పనికి కంప్యూటర్ తగిలించి వేగం పెంచడం వల్ల లాభం లేదు, అక్కర్లేని ఆ పనినే తీసెయ్యాలి అన్నాడు. మన ఆఫీసుల్లో తరచూ దీనికి విరుద్ధంగా జరుగుతుంది. అర్జీ ఆన్‌లైన్ అంటారు, దాని జిరాక్సు మళ్లీ కౌంటర్లో ఇమ్మంటారు. టోకెన్ల విషయంలోనూ అంతే జరిగింది. టోకెన్ డిజిటల్, టోకెన్ దొరికే దారి పాతదే.

హెచ్చరిక రాలేదనడానికి లేదు. కోవిడ్ తర్వాత కొంతకాలం సర్వదర్శనం టోకెన్లు ఆన్‌లైన్‌లో ఇచ్చారు, తర్వాత మళ్లీ కౌంటర్లకు తెచ్చారు. 2022 ఏప్రిల్ 12న, రెండు రోజులు ఆపిన టోకెన్లు మళ్లీ ఇస్తామనగానే గోవిందరాజస్వామి సత్రాల దగ్గర జనం కిక్కిరిశారు. కంచెలు వంగిపోయాయి, తోపులాటలో కొందరు గాయపడ్డారు. అప్పటికప్పుడు టీటీడీ తీసుకున్న నిర్ణయం చూడండి. టోకెన్లు ఆపేసి, అందర్నీ నేరుగా కొండకు పంపింది. కొండ మీద హాళ్లు ఉన్నాయి, షెడ్లు ఉన్నాయి, పెట్టడానికి అన్నం ఉంది. గంటలు ఎక్కువే పట్టాయి గానీ జనం క్షేమంగా ఉన్నారు. ఆ రోజు ఎవరికైనా అర్థమై ఉండాలి. భద్రమైన చోట పన్నెండు గంటలు కూర్చోవడం కంటే, భద్రత లేని చోట ఒక గంట కూర్చోవడమే ప్రమాదం. ఆ ఏడాది నవంబరు 1న టోకెన్లు మళ్లీ మొదలయ్యాయి. వైకుంఠ ద్వార దర్శనానికీ తిరుపతి కౌంటర్లలోనే టోకెన్లు ఇస్తూ వచ్చారు. ఏళ్లు గడిచిపోవడంతో పద్ధతి బాగానే ఉందన్న నమ్మకం కుదిరింది.

2025 ఆలయాలకు చెడ్డ ఏడాది. జనవరిలో తిరుపతి. ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం వేళ, 300 రూపాయల క్యూ పక్కన గోడ కూలి ఏడుగురు. నవంబరు 1న, కార్తీక ఏకాదశి నాడు, కాశీబుగ్గ ఆలయంలో తొక్కిసలాటలో తొమ్మిది మంది. మూడు చోట్లా చనిపోయింది వరుసల్లో ఉన్నవాళ్లే.

తిరుమలలో మాత్రం పని మొదలైంది. సెప్టెంబరులో సింఘాల్ మళ్లీ ఈవోగా వచ్చారు. ఆ నెల 25న, బ్రహ్మోత్సవాల వేళ, వైకుంఠం మొదటి కాంప్లెక్సులో కమాండ్ కంట్రోల్ సెంటర్‌ను ముఖ్యమంత్రి ప్రారంభించారు. గోడంత తెరల మీద క్యూలైన్ల దృశ్యాలు. కెమెరా చూసిన జనాన్ని కృత్రిమ మేధ లెక్కపెడుతుంది, ఎక్కడ కిక్కిరిసిపోతోందో చెబుతుంది. చీటీ చేతికి వచ్చాక కాకుండా, మనిషి కనపడగానే లెక్క మొదలుపెట్టగల యంత్రం ఇది. అందుకే దీని మీద నాకు ఆశ ఉంది.

అసలు పరీక్ష డిసెంబరులోనే వచ్చింది. ఆ క్యాలెండరు ఏడాదిలోనే రెండో వైకుంఠ ఏకాదశి, డిసెంబరు 30. ఈసారి తొలి మూడు రోజుల టోకెన్లకు తిరుపతిలో కౌంటర్లు పెట్టలేదు. ఈ-డిప్ అన్నారు. ఆర్జిత సేవలకు అప్పటికే వాడుతున్న పద్ధతే. నవంబరు 27 నుంచి డిసెంబరు 1 దాకా వెబ్‌సైటులో, యాప్‌లో, ప్రభుత్వ వాట్సాప్ సేవలో పేరు నమోదు చేసుకోవచ్చు. 2న కంప్యూటరే తీస్తుంది. ఎవరు ముందొచ్చారన్నదానికి విలువ లేదు. మొదటి నిమిషంలో నమోదు చేసినా, ఐదో రోజు చివరి గంటలో చేసినా అవకాశం ఒకటే. ఈ మార్పులో కీలకం అదే. ముందు వస్తే లాభం అన్న లెక్క పోయిందంటే, ముందురోజు రాత్రి వచ్చి కూర్చోవలసిన పనీ పోయినట్టే.

దాదాపు 24 లక్షల మంది పేర్లు వచ్చాయి. దక్కింది సుమారు లక్షా 76 వేల మందికి. ఈ అంకెలు చూశాక జనవరిలో ఏం జరిగిందో మరింత అర్థమవుతుంది. ఆ తొలి మూడు రోజుల్లో రావాలనుకునేవాళ్లు అంతమంది ఉన్నారు. అలాంటివాళ్లలో కొంత భాగమే ఆ బుధవారం తిరుపతికి వచ్చింది.

దీనికి ఒక మూల్యం ఉంది. పలమనేరు పక్క పల్లెలో ఫోన్ అంటే మాట్లాడటానికే అనుకునే అవ్వకు ఈ-డిప్ తెలియదు. మనవడో, ఊళ్లో నెట్ సెంటరు పిల్లోడో పేరు ఎక్కించాలి. కౌంటరు ముందు కూర్చోగల ఓపిక ఆమెకు ఉంది, వేలితో తెర మీద ఫారం నింపే నేర్పు లేదు. ఇన్నాళ్లూ ఆమెకున్న ఒకే ఒక్క పెట్టుబడి ఆ ఓపిక. దాని విలువ కంప్యూటరు ఒక్క దెబ్బతో తీసేసింది. ఈ నష్టాన్ని టీటీడీ గుర్తించినట్టే కనపడుతుంది. పది రోజుల్లో మూడు రోజులకే ఈ-డిప్ పెట్టింది. 2026 జనవరి 2 నుంచి 8 దాకా ఏ టోకెనూ అక్కర్లేకుండా, కొండకు వచ్చినవాళ్లను వచ్చినట్టే సర్వదర్శనం వరుసలోకి పంపుతామంది. పది రోజుల్లో మొత్తం 182 గంటల దర్శన సమయం ఉంటే 164 గంటలు సామాన్య భక్తులకే అని ప్రకటించింది. అవ్వ ఏకాదశి నాడు పోలేకపోవచ్చు. కానీ ఐదో రోజో, ఎనిమిదో రోజో, వైకుంఠం హాల్లో కప్పు కింద కూర్చొని, పాలు తాగి, ఎవరి సాయమూ లేకుండా అదే ద్వారంలోంచి పోగలదు.

మిగిలిన పని ఏడాదంతా ఉండే పని. ఎస్ఎస్‌డీ టోకెన్లు ఇప్పటికీ ఊళ్లో కౌంటర్ల దగ్గరే ఇస్తారు. వారాంతాల్లో, సెలవుల్లో, రాత్రి బస్సు దిగినవాళ్లు నేరుగా పోయి అక్కడే కూర్చుంటారు. కొండ మీద ఉన్న లెక్కపెట్టే కెమెరాను ఆ కౌంటర్ల ముందున్న రోడ్డు దాకా తేవాలి. వచ్చిన మనిషికి వచ్చిన వెంటనే ఒక వరుస నంబరు ఇవ్వాలి. ఈ రోజు ఎన్ని టోకెన్లు, మీ నంబరుకు అందుతుందా లేదా, అందితే ఎన్ని గంటలకు రావాలి అన్నది తెర మీద తెలుగులో, తమిళంలో, కన్నడంలో కనపడాలి. అప్పుడు ఆ తల్లి లేచి పోయి బిడ్డకు పాలు తెచ్చుకోగలదు.